అక్షరాలు చేసి ఇచ్చిన గురువు: పండిత్ రఘునాథ్ ముర్ము
1905లో ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో, సంతాల్ కుటుంబంలో పండిత్ రఘునాథ్ ముర్ము జన్మించారు. బడిలో చదువు ఒడియాలో సాగేది. ఇంట్లో మాట్లాడే సంతాలీకి సొంత లిపి లేదు. ఆ లోటు ఆయన మనసును తొలిచింది. 1925లో, ఇరవై ఏళ్ల వయసులోనే, 30 అక్షరాల ఓల్ చికి లిపిని రూపొందించారు. బారిపదలో వృత్తివిద్య బోధించారు, తర్వాత ప్రధానోపాధ్యాయులయ్యారు. ఈ అక్షరాలను అచ్చువేయవచ్చని చూపడానికి చెక్కతో అచ్చుయంత్రం తయారుచేశారు. నాటకాలు రాశారు, ఊరూరా తిరిగి లిపి నేర్పారు.

1982లో ఆయన కన్నుమూశారు. 2003లో సంతాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 2008లో ఓల్ చికికి యూనికోడ్‌లో చోటు దక్కింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! గోండి, కోయ, కొలామి, సవర మాట్లాడే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వారి పక్కన కూర్చుని మన మాటలు రాసిపెడదాం. ఆ గురువుకు మనమిచ్చే నివాళి అదే.