ఆత్రేయ పాట ఎందుకు లేటయ్యేది?

రాయకుండా నిర్మాతల్ని ఏడిపిస్తారు, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తారు.. ఆచార్య ఆత్రేయ మీద సినిమావాళ్లు వేసుకునే జోక్ ఇది. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ తెల్ల కాగితం ముందు కూర్చుని మొదటి మాట పడక సతమతమయ్యే మనిషికి అది సరదా కాదు.

అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. 1921 మే 7న అప్పటి నెల్లూరు జిల్లాలోని మంగళంపాడులో పుట్టారు. గోత్రం పేరునే కలం పేరు చేసుకున్నారు. చిరుద్యోగి కష్టాల మీద రాసిన 'ఎన్జీవో' నాటకంతో జనానికి దగ్గరయ్యారు. 1951లో 'దీక్ష'తో సినిమా పాటలోకి వచ్చారు. ఆ తర్వాత 'మూగమనసులు', 'ప్రేమ్‌నగర్', 'మరో చరిత్ర'.. లిస్ట్ పెద్దదే.

నిర్మాత హోటల్ గది తీసి కూర్చోబెట్టినా పాట రాకపోయేదని చెప్పుకుంటారు. తీరా వచ్చాక చూస్తే అందులో కష్టమైన మాట ఒక్కటీ ఉండదు. అంతా మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగే. అంత తేలిక మాటలకు అన్నాళ్లా అని విసుక్కున్నవాళ్లూ ఉండే ఉంటారు!

చేయాలని ఉంటుంది, ఎలా చేయాలో తెలుసు, గడువు ముంచుకొస్తుంటుంది. అయినా పని మొదలవదు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి ఇది రోజూ ఉండే ఇబ్బందే. డాక్టర్లు దీన్ని బద్ధకం అనరు. ఆత్రేయకు అది ఉందని మాత్రం ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. అమెరికా సైకియాట్రీ పుస్తకంలోకి ఆ పేరు వచ్చిందే 1987లో. 1989 సెప్టెంబర్ 13న ఆయన కన్నుమూశారు. లేట్ చేస్తారన్న పేరు మాత్రం అప్పటికే పడిపోయింది.