నాగపూరు మిల్లు యజమాని జంషెడ్‌జీ టాటా

టాటా అనే పేరు ఉప్పు పొట్లం మొదలు లారీ దాకా రోజూ మన కంటబడేదే. ఆ పేరుకు మూలపురుషుడైన జంషెడ్‌జీ నస్సర్వాన్‌జీ టాటా గురించి చెప్పేవారు సాధారణంగా ఉక్కు కార్ఖానాను గురించి, బొంబాయి తాజ్ మహల్ హోటల్ గురించి చెబుతారు. మేము మాత్రం ఆయన నాగపూరు బట్టల మిల్లును గురించే ఎక్కువగా రాయదలచుకున్నాము. నడుస్తున్న సంస్థను మార్చడమంటే ఏమిటి, ఆ మార్పు ఖర్చు ముందుగా ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు ఆయనకు ఎదురైంది అక్కడనే. కాజీపేట నుంచి ఢిల్లీ పోయే బండ్లు నాగపూరు మీదుగానే పోతాయి గనుక ఆ ఊరు మనలో చాలామంది కిటికీలోంచైనా చూసే ఉంటారు.

జంషెడ్‌జీ 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పార్సీ పూజారుల వంశంలో పుట్టారు. ఆ వంశంలో వ్యాపారంలోకి దిగిన మొదటివారు తండ్రి నస్సర్వాన్‌జీ. జంషెడ్‌జీ 1858లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువు ముగించి, తండ్రి వ్యాపారంలో చేరి హాంకాంగ్ వెళ్లారు. దాచవలసిన పని లేదు, చైనాతో నడిచిన ఆ వ్యాపారంలో పత్తితోపాటు నల్లమందు కూడా ఉండేది. ఆనాటి బొంబాయి వర్తకులు, అన్ని మతాలవారూ, దానిని చట్టం ఒప్పుకున్న సరుకుగానే చూశారు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోతుందా? ఒకరి జీవితం రాస్తూ మంచినే ఏరుకుంటే అది చరిత్ర అనిపించుకోదు, ఖసీదా అవుతుంది.

అమెరికాలో అంతర్యుద్ధం నడిచిన ఏళ్లలో ఇంగ్లండుకు అక్కడి పత్తి రాక, మన పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కుప్పకూలింది. అప్పటికి జంషెడ్‌జీ లండన్‌లో ఉన్నారు. చేతిలో ఉన్న హుండీలు చిత్తు కాగితాలైపోయాయి. ఆయన మొహం చాటేయలేదు. అప్పులవాళ్ల దగ్గరకు తానే వెళ్లి, ఉన్నదీ లేనిదీ లెక్కంతా ముందు పెట్టారు. వాళ్లు ఆ నిజాయితీని చూసి, వ్యవహారం తెమల్చే పనిని నెలకు 20 పౌన్ల జీతం మీద ఆయనకే అప్పగించారు. ఇక్కడ బొంబాయిలో తండ్రి ఇల్లు అమ్మి బాకీలు తీర్చారు. డబ్బు పోయింది గాని ఇజ్జత్ నిలిచింది. 1868లో 21,000 రూపాయలతో సొంత వ్యాపారం మొదలుపెట్టగలిగారంటే ఆ నమ్మకం వల్లనే. మరుసటి ఏడు చించ్‌పోక్లీలో దివాలా తీసిన ఒక నూనె మిల్లును కొని, బట్టల మిల్లుగా మార్చి, లాభానికి అమ్మేశారు. తర్వాత లాంకషైర్ వెళ్లి బట్టల పరిశ్రమను కళ్లారా చూసి వచ్చారు.

అప్పట్లో మిల్లు అంటే బొంబాయే. జంషెడ్‌జీ ఆలోచన వేరు. పత్తి ఎక్కడ పండుతుందో అక్కడే మిల్లు పెడితే పోనురాను కిరాయిలు మిగులుతాయి. నాగపూరు చుట్టూ పత్తి చేలు, దగ్గరలో వరోరా బొగ్గు, ఊళ్లో రైలు. 1874లో 15 లక్షల మూలధనంతో కంపెనీ పెట్టారు. విక్టోరియాను హిందూస్థాన్ సామ్రాజ్ఞిగా చాటిన 1877 జనవరి 1ననే మిల్లు తెరిచారు గనుక దానికి ఎంప్రెస్ మిల్లు అని పేరు వచ్చింది. మేనేజరుగా రైల్వే గూడ్సు పనిలో ఆరితేరిన బెజోన్‌జీ దాదాభాయ్‌ను తెచ్చారు. బట్టల పని ఆయనకు కొత్త, మనుషులతో పని చేయించడం మాత్రం బాగా తెలుసు.

మొదటి ఏళ్లు కష్టంగానే గడిచాయి. చవకగా కొన్న యంత్రాలు మంచి నూలు ఇవ్వలేదు. వాటాల ధర దిగజారింది. ఇలాంటప్పుడు యజమానులు మామూలుగా కూలి తగ్గిస్తారు. జంషెడ్‌జీ యంత్రాలనే మార్చారు. చవక బేరం చేసింది యాజమాన్యం, దాని నష్టం పనివాడి జేబులోంచి రాబట్టడం ఏం న్యాయం?

ఇక హాజరు సంగతి. ఉపాధ్యాయులం గనుక ఈ సంగతి మాకు మరీ ఆసక్తిగా ఉంటుంది. రోజూ గంట కొట్టగానే వచ్చి నిలబడే అలవాటు నాగపూరు జనానికి లేదు. వంద మందిలో ఇరవై మంది దాకా రాని రోజులుండేవి. జరిమానాలు వేసి, పేరు కొట్టేసి బెదిరించవచ్చు. బెజోన్‌జీ, జంషెడ్‌జీలు వేరే దారి పట్టారు. బాగా పని చేసినవారికి పండుగ జరిపి అందరి ముందు నగదు, గడియారాలు బహుమానంగా ఇచ్చారు. ఉక్కపోసే షెడ్లలో గాలికి తేమ పట్టించే ఏర్పాటు, నిప్పంటుకుంటే నీళ్లు చల్లే ఏర్పాటు పెట్టారు. 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాదానికి పరిహారం, 1901లో ప్రావిడెంట్ ఫండు వచ్చాయి. మన దేశంలో పరిహారం చట్టం 1923లో, ప్రావిడెంట్ ఫండు చట్టం 1952లో గాని రాలేదని గుర్తు పెట్టుకుంటే ఈ తేదీల విలువ తెలుస్తుంది. దీనిని ఆయన దానంగా లెక్క కట్టలేదు. పనివాడు క్షేమంగా ఉంటే మిల్లు క్షేమంగా ఉంటుందన్నది ఆయన లెక్క.

ఇంత చెప్పి ఒక మాట చెప్పకపోతే బాగుండదు. ఆ కాలపు మిల్లులలో తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా పని. 1881 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం ఏడేళ్లు నిండిన పిల్లలు కూడా పనికి పోవచ్చు. మగవారి పని గంటలకు 1911 దాకా చట్టంలో హద్దే లేదు. ఎంప్రెస్ మిల్లు ఆ కాలంలోనిదే, ఆకాశంలోంచి ఊడిపడలేదు.

1883 ప్రాంతంలో రింగు కదుళ్లు అనే కొత్త పద్ధతి వచ్చింది. పాత కదురు కంటే అవి ఎంతో వేగంగా తిరుగుతాయి. ఇంగ్లండులోనే చాలామందికి వాటి మీద ఇంకా గురి కుదరలేదు. జంషెడ్‌జీ ముందు కొన్నింటిని తెప్పించి పరీక్ష చేయించి, ఫలితం చూసుకుని, నడుస్తున్న పాతవాటిని తీసేసి కొత్తవి పెట్టించారు. బొంబాయి మిల్లులలో చాలా భాగం ఇంకా పాతవాటినే పట్టుకుని ఉన్న రోజులవి.

1886లో కుర్లాలో కుప్పకూలిన ధరంసీ మిల్లును కొని స్వదేశీ మిల్లు అని పేరు పెట్టారు. పాత యంత్రాలు మొరాయించాయి, సరుకుకు చెడ్డపేరు వచ్చింది, బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. ఆయన కుటుంబం కోసం కట్టిన ట్రస్టును కొడుకు ఒప్పుదలతో రద్దు చేసి, ఎంప్రెస్ వాటాలు కొన్ని అమ్మి, ఆ డబ్బు మిల్లులో పోశారు. ఇంకొక సంగతి కూడా ఉంది. అప్పటి మేనేజింగ్ ఏజెంట్లు పౌను నూలుకు ఇంత అని కమీషను తీసుకునేవారు. మిల్లు నష్టపోయినా ఏజెంటుకు మాత్రం ఆదాయమే! జంషెడ్‌జీ ఆ ఆచారం వదిలి, నికర లాభం వస్తేనే అందులో పదో వంతు అని పెట్టుకున్నారు. మా దృష్టిలో రింగు కదురు కంటే ఇదే పెద్ద మార్పు.

మిగతాది క్లుప్తంగా చెబుతాము. 1892లో పైచదువులకు విదేశాలకు పోయేవారి కోసం నిధి, ఆస్తిలో సగం దాకా సైన్సు విద్యాలయానికి రాసివ్వడం, 1903లో హోటలు. ఆ విద్యాలయం ఆయన పోయాక 1909లో బెంగుళూరులో వెలిసింది. ఉక్కు కార్ఖానా స్థలం ఇంకా తేలకముందే, 1902లో, కొడుకు దొరాబ్‌కు రాసిన ఉత్తరంలో కార్మికుల ఊరు ఎలా ఉండాలో చెప్పారు. వీధులు వెడల్పుగా, త్వరగా నీడనిచ్చే చెట్లతో ఉండాలి, ఆట మైదానాలు ఉండాలి, గుడికీ మసీదుకూ చర్చికీ స్థలం ముందే వదలాలి అని.

1904 మే 19న జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన ఉత్తరంలో చెప్పిన కార్మికుల ఊరే తర్వాత జంషెడ్‌పూర్ అయింది. అక్కడి కార్ఖానాలో 1912లోనే ఎనిమిది గంటల పని వచ్చింది. ఎంప్రెస్ మిల్లు మాత్రం 1986లో మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతికి పోయి, 2002లో మూతబడింది. కదుళ్లు తిరిగిన ఆ స్థలంలో కొంత భాగంలో తర్వాత దుకాణాల సముదాయం లేచింది.