నిద్రను కూడ దేవునికి అప్పగించిన చిన్న తెరేజమ్మ



మన విచారణలలో గురువుల వద్దకు వచ్చి నిద్ర గూర్చి చెప్పుకునేవారు రెండు రకాలుగా ఉంటారు. భూపాలపల్లి బొగ్గు గనిలో షిఫ్టు చేసి వచ్చిన తండ్రి, మహబూబాబాదు వైపు పొద్దంతా మిర్చి ఏరి వచ్చిన తల్లి కుటుంబ జపమాలలో రెండవ దేవరహస్యం దాటకముందే కునికిపాట్లు పడతారు. అది పాపమేమోనని బాధపడతారు. మరికొందరికి అసలు నిద్రే పట్టదు. జనగామ పల్లెల్లో ఎండిన బోరును, తీరని అప్పును, పెళ్లికెదిగిన కూతురిని తలచుకుంటూ ఇంటి దూలాలు చూస్తూ తెల్లవార్లు గడుపుతారు. విశ్వాసం తక్కువైనందుకే నిద్ర కరువైందేమోనని వీరి భయం. ఈ ఇరువురికీ తోడు నిలువగల పునీతురాలు ఒకరున్నారు. ప్రార్థనలో నిద్రపోయినవారూ ఆమే, చివరి రోజులలో కంటిమీద కునుకు లేకుండ గడిపినవారూ ఆమే. చిన్న పుష్పమని మనం ప్రేమతో పిలుచుకునే పునీత చిన్న తెరేజమ్మ.

తెరేజమ్మ 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలోని అలెన్సోన్ పట్టణంలో జన్మించారు. తండ్రి లూయీ మార్టిన్ గడియారాల పనివారు. తల్లి జెలీ మన నరసాపురం లేసువంటి అల్లికలు చేయించి అమ్మేవారు. తొమ్మిదిమంది సంతానంలో నలుగురు పసితనంలోనే పోగా, మిగిలిన ఐదుగురు ఆడపిల్లలలో తెరేజమ్మ కడగొట్టు బిడ్డ. ఆమెకు నాలుగేళ్లప్పుడు, 1877 ఆగస్టు 28న, తల్లి క్యాన్సరు వ్యాధితో మరణించారు. కుటుంబం లిస్యూ పట్టణానికి మారింది. నవ్వుతూ తిరిగిన ఆ పిల్ల అప్పటినుండి బెరుకుగా, చిన్న మాటకే కన్నీళ్లు పెట్టుకుంటూ పెరిగింది. 1886 క్రిస్మసు రాత్రి దేవుడు దయచేసిన కృపతో ఆ బలహీనత తొలగిపోయిందని ఆమె తరువాత తన జీవితకథలో వ్రాసుకున్నారు.

1888 ఏప్రిల్ 9న, 15 ఏళ్ల వయసులో, తెరేజమ్మ లిస్యూలోని కార్మెలు మఠంలో చేరారు. అక్కడి జీవితం కఠినం. వేకువనే లేవాలి, బాగా పొద్దుపోయాక పడుకోవాలి. గదులలో చలి కాచుకునే వసతి లేదు. ఆ చలికి ప్రాణం పోయేంతగా బాధపడ్డానని ఆమె చివరి రోజులలో మాత్రమే బయటపెట్టారు. దీనికితోడు 1889 ఫిబ్రవరిలో తండ్రికి మతి చలించగా, కాన్ పట్టణంలోని మానసిక వైద్యశాలలో చేర్చవలసి వచ్చింది. ఎంతో గౌరవంగా బ్రతికిన తండ్రి ఆ స్థితిలో ఉంటే, మఠం గోడల లోపల ఉన్న బిడ్డ మనసు ఎంత కుమిలిపోయి ఉంటుందో ఆడపిల్లల తండ్రులు ఊహించగలరు.

కార్మెలు మఠంలో ప్రతిదినం రెండు గంటలు మౌనధ్యానం చేయాలి. ఆ సమయంలో తెరేజమ్మకు కునుకు పట్టేది. దివ్యసత్ప్రసాదం స్వీకరించిన పిమ్మట కృతజ్ఞత చెల్లించేటప్పుడు కూడ కళ్లు మూతలుపడేవి. 1895లో తన జీవితకథ వ్రాసేనాటికి ఇది ఏడేళ్లుగా సాగుతూనే ఉంది. దీనిని ఆమె గొప్ప భక్తి అని చెప్పుకోలేదు, తన లోపంగానే ఒప్పుకున్నారు. కాని దానిని తలచుకొని క్రుంగిపోలేదు. బిడ్డ మెలకువగా ఉన్నా, ఒడిలో నిద్రపోయినా తల్లిదండ్రులకు ముద్దే కదా అని తలచారు. వైద్యులు శస్త్రచికిత్స చేసేముందు రోగికి మత్తు ఇచ్చి నిద్రపుచ్చుతారని గుర్తుచేసుకున్నారు. మనం మట్టితో చేయబడినవారమని ప్రభువు ఎరుగునన్న కీర్తనకారుని మాటను ఊతగా పట్టుకున్నారు. ప్రార్థనకు విలువ మన మెలకువనుబట్టి కాదు, మనలను ఎత్తుకున్నవాని ప్రేమనుబట్టి వస్తుందని ఆమె గ్రహించారు.

సువార్తలో తుఫాను వేళ యేసు పడవలో తలగడపై నిద్రించిన ఘట్టం మనకు తెలిసినదే. శిష్యులు భయపడి ఆయనను లేపారు. తెరేజమ్మ తన ఆత్మలో కూడ యేసు అలాగే నిద్రిస్తున్నాడని భావించారు. ప్రార్థనలో ఓదార్పు లేదు, పైనుండి జవాబు లేదు. అయినా అలసిన ఆ అతిథిని లేపక విశ్రమించనిద్దామని ఆమె నిశ్చయించుకున్నారు. పడవలో ఆయన ఉన్నాడు, అంతే చాలు అనుకున్నారు.

ఈ నమ్మకానికి 1896లో గట్టి పరీక్ష వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 2 పవిత్ర గురువారం. అర్ధరాత్రి వరకు దివ్యసత్ప్రసాద సన్నిధిలో ఉండి ఆమె తన గదికి వచ్చారు. తలగడపై తల ఆనించగానే వేడిగా ఏదో నోటివరకు పొంగి వచ్చింది. అది రక్తమేమో, మరణం దగ్గరపడిందేమో అని తోచింది. అప్పటికే దీపం ఆర్పివేశారు. మళ్లీ వెలిగించి చూడవచ్చు. కాని ఉదయం చూద్దామని అనుకొని అలాగే నిద్రపోయారు. తెల్లవారి లేచి కిటికీ దగ్గరకు వెళ్లి చూస్తే చేతిరుమాలు నిండ రక్తం. క్షయవ్యాధి బయటపడింది. పరలోక పిలుపు వచ్చిందని ఆమె సంతోషించారు.

అయితే ఆ సంతోషం ఎన్నోనాళ్లు నిలువలేదు. ఆ పాస్కా పండుగ దినాలలోనే ఆమె ఆత్మను దట్టమైన చీకటి కమ్మింది. పరలోకం ఉందా అన్న శోధన మరణంవరకు ఆమెను వదలలేదు. ఆమె విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో వ్రాసుకొని హృదయం దగ్గర ధరించారు. 1897 జూలై 8న ఆమెను మఠంలోని రోగుల గదికి మార్చారు. ఊపిరి ఆడక, నొప్పులతో రాత్రులు నిద్ర దూరమైంది. అట్టి ఒక రాత్రి, సేవ చేస్తున్న అక్క సెలీను వచ్చి చూస్తే, తెరేజమ్మ చేతులు జోడించి కళ్లు తెరచి ఉన్నారు. నిద్రపోవడానికి ప్రయత్నించరాదా అని అక్క అడిగారు. బాధవల్ల నిద్ర రావడంలేదనీ, అందుకే ప్రార్థిస్తున్నాననీ ఆమె చెప్పారు. యేసుతో ఏమి చెబుతున్నావని అడిగితే, ఏమీ చెప్పడంలేదు, ఆయనను ప్రేమిస్తున్నాను, అంతేనని జవాబిచ్చారు.

మరొక సంగతి దాచకుండ చెప్పాలి. తీవ్రమైన నొప్పితో ఉన్న రోగి చేరువలో విషపూరితమైన మందులు ఉంచవద్దని తెరేజమ్మ తన అక్కలను హెచ్చరించారు. విశ్వాసమే లేకుంటే ఒక్క క్షణంలో తానేమి చేసి ఉండేదాన్నోనని ఒప్పుకున్నారు. ఇంత గొప్ప పునీతురాలికే అట్టి గడియ వచ్చిందంటే, అది ఎవరికైనా రావచ్చు. కనుక, ప్రియులారా, పంటకు కొట్టే మందు డబ్బాలను పడుకునే ఇంట్లో ఉంచకండి. దిగులుతో రాత్రుల తరబడి నిద్రలేనివారిని విశ్వాసం లేనివారని నిందించక డాక్టరు వద్దకు తీసుకొనివెళ్లండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడి ధైర్యం చెబుతారు. ప్రార్థన, వైద్యం రెండూ దేవుడిచ్చినవే. తెరేజమ్మ మందులు మింగుతూనే ప్రార్థించారు.

1897 సెప్టెంబరు 30 సాయంత్రం, 24 ఏళ్ల వయసులో, ఆమె ప్రభువులో నిద్రించారు. 1925 మే 17న 11వ భక్తినాథ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. మఠం దాటి ఏ మిషనుకూ వెళ్లని ఆమెను 1927లో పునీత ఫ్రాన్సిస్ శౌరివారితోపాటు వేదవ్యాపక పాలకురాలిగా నియమించారు. 1997 అక్టోబరు 19న 2వ జాన్‌పాల్ పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఆమె తల్లిదండ్రులు కూడ 2015లో పునీతులైనారు. అక్టోబరు 1న మనం ఆమె పండుగ జరుపుకుంటాము.

షిఫ్టు దిగి వచ్చి జపమాల చేతిలోనే నిద్రపోయిన తండ్రిని లేపి మందలించకండి, ఆయన తండ్రి ఒడిలోనే ఉన్నాడు. అప్పు గూర్చి, బోరు గూర్చి అర్ధరాత్రి లెక్కలు మొదలైతే, దీపం ఆరిపోయింది, తెల్లవారి చూద్దామని తెరేజమ్మవలె వాటిని ప్రక్కన పెట్టండి. వెలుగులో చేయవలసిన పని చీకటిలో తెమలదు. అప్పటికీ నిద్ర రాకపోతే పెద్ద ప్రార్థనలకోసం వెదకకండి. చేతులు జోడించి, మాటలు లేకుండ, ప్రభువు దగ్గర ఊరకే ఉండండి. నిద్ర వచ్చినా, రాకపోయినా ఆ రాత్రి వ్యర్థం కాదు.

పునీత చిన్న తెరేజమ్మా, మా ఇండ్లకొరకు, అలసినవారికొరకు, నిద్రలేనివారికొరకు ప్రార్థించండి.