ఆటగాడు, అయ్యవారు: సయ్యద్ అబ్దుల్ రహీం గారు



ప్రత్యేక సంచికకు, మన వృత్తిలో మనకు ఆదర్శంగా నిలిచిన ఒక మహనీయుని గురించి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. తోటి సభ్యులు చాలామంది స్వాతంత్ర్య సమరయోధుల గురించి, కవుల గురించి వ్రాస్తున్నారని తెలిసింది. నేను ముప్పై నాలుగేళ్ళు డ్రిల్ అయ్యవారుగా పనిచేసి 2002లో పదవీ విరమణ చేసినవాడిని. చేతిలో విజిల్ తప్ప కలం ఎక్కువగా పట్టినవాణ్ణి కాదు. కాబట్టి నా వృత్తికి చెందిన మహనీయుని గురించే వ్రాస్తాను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఫుట్‌బాల్ లోకం అంతా రహీం సాబ్ అని పిలుచుకున్న హైదరాబాదు ఉపాధ్యాయుడు.

2024లో మైదాన్ అనే హిందీ చిత్రం ఆయన జీవితం మీదనే వచ్చింది. మా మనవడు అది చూసి, ఈయన నిజంగా ఉన్నాడా తాతా అని అడిగాడు. ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు మన దేశాన్ని తీసుకువెళ్ళిన మనిషి గురించి పిల్లలు సినిమా చూసి తెలుసుకోవలసి వచ్చిందే అని బాధ కలిగింది. ఆ బాధే ఈ వ్యాసానికి ఒక కారణం. రెండవ కారణం నా సొంతది. చివర్లో చెబుతాను.

బడిపంతులుగా

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లోనే విశ్వవిద్యాలయ జట్టులో మేటి ఆటగాడుగా పేరు తెచ్చుకున్నారు. చదువు ముగిసిన తరువాత పాత విద్యార్థులతో ఏర్పడిన జట్టుకూ, ఆ తరువాత స్థానిక లీగులో పేరుపొందిన కమర్ క్లబ్బుకూ ఆడారు. ఆ కాలంలో ఆట వల్ల ఇల్లు గడిచేది కాదు. అందుచేత బి.ఏ. పట్టాతో ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలు వంటి చోట్ల పనిచేశారు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొంది పాఠశాలల క్రీడల బాధ్యత స్వీకరించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డ్రిల్ అయ్యవారంటే మన బడుల్లో ఎంత గౌరవమో మీకందరికీ తెలుసు. పరీక్షలు దగ్గర పడితే ముందుగా పోయేది ఆటల పీరియడే. అటువంటి వృత్తిలో నుండి వచ్చిన మనిషి దేశపు జట్టుకు గురువు కావడం మాబోటివారికి ఎంత ధైర్యాన్నిచ్చిందో మాటల్లో చెప్పలేను. బడి పిల్లలకు చెప్పే తీరులోనే ఆయన పెద్ద ఆటగాళ్ళకూ పాఠం చెప్పేవారట. ముందు క్రమశిక్షణ, ఆ తరువాత పునాది, ఆపైన నైపుణ్యం.

పోలీసు జట్టు

1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టి 1963లో కన్నుమూసేదాకా దాన్ని వదలలేదు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో దక్షిణాది పోలీసు జట్టు అలా గెలవడం సామాన్య విషయం కాదు. రాష్ట్ర జట్టుగా హైదరాబాదు 1956–57, 1957–58 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది.

ఈ విజయాల వెనుక ఆయన పద్ధతులున్నాయి. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకొని ఒంటరిగా దూసుకుపోవడమే గొప్ప అనుకునే కాలమది. రహీం గారు అలా బంతిని తమ వద్దే ఉంచుకోకూడదన్న నియమంతో పోటీలు పెట్టించారు. బంతి రాగానే తోటివాడికి అందించాలి. అలాగే బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న నియమంతో కూడా పోటీలు పెట్టించారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదట్లో అందరూ తడబడతారు, చూసేవారు నవ్వుతారు. కొన్ని నెలలు గడిచేసరికి రెండు కాళ్ళూ సమానమవుతాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు, విదేశీ పరికరాలు అక్కరలేదు. ఒక బంతి, ఒక నియమం, ఓర్పు గల అయ్యవారు ఉంటే చాలు.

బోడికాళ్ళ నుండి నాలుగవ స్థానం దాకా

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో మన జట్టు ఫైనల్‌లో ఇరాన్‌పై 1–0తో గెలిచి స్వర్ణం సాధించింది. మేవాలాల్ గోల్ చేశాడు. కాని మరుసటి ఏడు 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఘోరంగా ఓడిపోయాం. ఆ చలిలో మన ఆటగాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మరొకరైతే ఆ ఓటమితో ఇంటికి పోయి కూర్చునేవారు. రహీం గారు దాన్నే పాఠంగా తీసుకున్నారు. ఆ తరువాత దేశంలో బూట్లు తొడిగి ఆడడం తప్పనిసరి అయ్యింది. 1953లో హంగేరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6–3తో ఓడించిన ఆటతీరును ఆయన శ్రద్ధగా పరిశీలించి, ముందు వరుస ఆటగాణ్ణి కాస్త వెనక్కు లాగి ఆడించే ఎత్తుగడను మన జట్టుకు నేర్పారు.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడయ్యాడు. సెమీఫైనల్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. ముందుగా గోల్ చేసింది మనవాళ్ళే. చివరకు 4–1తో ఓడిపోయాం. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ తిన్న జట్టు అదే ప్రత్యర్థిపై ముందంజ వేయడం ఎంత దూరపు ప్రయాణమో ఆలోచించండి. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో నేటికీ మన దేశానికి అదే అత్యుత్తమ స్థానం. 1960లో రోమ్‌లో హంగేరీ 2–1తో మనపై గెలిచింది. ఫ్రాన్సుతో 1–1తో సమంగా ముగించాం.

జకార్తా

1962 నాటికి రహీం గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. అయినా జట్టును తీసుకొని జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో మనల్ని ఓడించింది. తరువాత థాయ్‌లాండుపై 4–1తో, జపాన్‌పై 2–0తో గెలిచాం. థాయ్‌లాండుతో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనుక వరుసలో తలతో బంతిని కొట్టడం అపాయమని రహీం గారు అతణ్ణి ముందు వరుసకు మార్చారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచాం. అందులో జర్నైల్ గోల్ ఒకటి.

ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన అధికారి ఒకరు విమర్శించినందుకు జకార్తా జనం మన మీద ఆగ్రహంగా ఉన్నారు. ఆ ముందు రాత్రి రహీం గారు ఆటగాళ్ళను దగ్గరకు పిలిచి, తనకొక కానుక కావాలని, అది రేపటి స్వర్ణమేనని అడిగారట. 1962 సెప్టెంబర్ 4న, లక్షమంది ఎగతాళి చేస్తుండగా, పి.కె. బెనర్జీ, తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. జ్వరం నుండి లేచిన తంగరాజ్ గోల్ కాపలా కాశాడు. 2–1తో స్వర్ణం మనదయింది. అడిగిన కానుక దక్కింది.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. హిందూపురంలో గ్రంథాలయం బల్లమీద దినపత్రికలో ఆ వార్త చదివి, బజారులో కనపడిన ప్రతివాడికీ చెప్పినట్టు గుర్తు. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, యాభై మూడేళ్ళ వయసులో రహీం గారు కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. ఆ జట్టు నాయకుడు నయీముద్దీన్ కూడా హైదరాబాదు వాడే. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్ళు.

నా సొంత మాట

1966లో నేను హైదరాబాదు దోమలగూడలో వ్యాయామ విద్య శిక్షణ పొందాను. అక్కడి పెద్దలు రహీం గారి కథలు చెప్పేవారు. వాటిలో బలరాం కథ నా మనసుకు హత్తుకుంది. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ పేద కుటుంబపు బిడ్డ. అభ్యాసానికి అంత దూరం రావడానికి చేతిలో డబ్బు లేదు. అది తెలిసిన రహీం గారు సైకిలు అద్దెకు తానే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రవాడే మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లోనూ, జకార్తాలోనూ దేశానికి ఆడి, 2023లో కన్నుమూసేదాకా గొప్ప ఆటగాడిగా మన్ననలందుకున్నాడు.

ఈ కథ నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. కాని 1974లో నా దగ్గరకే ఒక బలరాం వచ్చినప్పుడు గుర్తించలేకపోయాను. హిందూపురానికి అయిదు మైళ్ళ దూరంలోని పల్లె నుండి వచ్చే కుర్రవాడు. మగ్గం నేసే ఇంటి బిడ్డ. రహీం గారి పద్ధతిలోనే నేను అందరిచేతా ఎడమకాలితో ఆడించేవాణ్ణి. నెల తిరిగేసరికి వాడికి ఏది ఎడమో ఏది కుడో చూసేవారికి తెలిసేది కాదు. అయితే సాయంత్రం అభ్యాసం సగంలోనే చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. రెండుసార్లు మందలించాను. మూడవసారి క్రమశిక్షణ లేదని, అనంతపురం పోటీలకు వెళ్ళే జట్టులో నుండి పేరు కొట్టివేశాను. వాడు ఎదురు చెప్పలేదు. ఆ తరువాత మైదానానికీ రాలేదు.

పొద్దుపోయాక బస్సుకు డబ్బుల్లేక, చీకటి పడకముందే నడిచి ఇల్లు చేరి, రాత్రి మగ్గం దగ్గర తండ్రికి సాయపడేవాడని ఏడాది తరువాత తోటి పిల్లల వల్ల తెలిసింది. అప్పటికి బడి మానేశాడు. నేను ఒక్కసారి కారణం అడిగి ఉంటే తెలిసేది. రోజుకు కొన్ని పైసల ఖర్చు. సైకిలు అద్దె కథ చెప్పిన నోటితోనే అడగవలసిన ప్రశ్న అడగలేదు.

1995లో మా అమ్మాయి పెండ్లికి పట్టుచీరలు కొనడానికి ధర్మవరం వెళ్ళాము. ఒక ఇంట్లో మగ్గం మీద నుండి లేచివచ్చి ఒకాయన నా కాళ్ళకు నమస్కరించాడు. వాడే. టీ తెప్పించాడు. పాత సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తబోతే మాట మార్చి, పదేళ్ళ కొడుకును పిలిచి చూపించాడు. ఆ పిల్లవాడికి కుడికాలి వాటమట. ఇంటి ముందు సందులో ఎడమకాలితోనే ఆడమని తానే నేర్పుతున్నాడట. సరిగ్గానే నేర్పుతున్నానా సార్ అని అడిగాడు. సరిగ్గానే అన్నాను. అంతకుమించి నోట మాట రాలేదు.

సభ్యులకు మనవి

ప్రతి ఏటా మనమంతా బ్రతికే ఉన్నామని జీవన ప్రమాణ పత్రం సమర్పిస్తాము. అది మన పింఛను కోసం. రహీం గారు పోయి అరవై ఏళ్ళు దాటినా, ఏ పత్రమూ అవసరం లేకుండా ధర్మవరం సందులో ఆయన పాఠం బ్రతికి ఉండడం నేను కళ్ళారా చూశాను. అయ్యవారి సంపాదన అంటే అదే కాబోలు.

ఉదయం మనలో చాలామంది నడకకు వెళ్ళే మైదానాల్లో పిల్లలు ఆడుతుంటారు. వారిలో మధ్యలో వెళ్ళిపోయేవాడు ఎవడైనా కనపడితే దయచేసి ఒక్కసారి ఆపి కారణం అడగండి. మన సంఘం తరపున ఏటా కొద్ది మొత్తం పక్కనపెట్టి, పోటీలకు వెళ్ళే పేద పిల్లల బస్సు చార్జీలకు ఇవ్వాలని తదుపరి సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించదలిచాను. మొదటి సంవత్సరానికి నా వంతుగా ఒక నెల పింఛను ఇస్తున్నాను. ఇది దానం కాదు. 1974 నుండి తీర్చని బాకీ.