తోపులో చదివిన చదువు

స్కౌటు ఉద్యమమును స్థాపించిన బేడెన్ పవెల్ దొరగారి పేరు వినని విద్యార్థి యరుదు. ఆయన ఆ విద్యను మొదట అభ్యసించినది సైన్యమున గాదు. పాఠశాలను ఆనుకొనియున్న యొక తోపులో.

ఆయన 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి మతగురువు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. బాలునకు మూడేండ్ల ప్రాయముననే తండ్రి మరణింపగా, తల్లి హెన్రియెటా గ్రేసు బిడ్డలను పెంచి పెద్దచేసెను. 1870లో బాలుడు చార్టర్‌హౌసు పాఠశాలలో చేరెను. 1872లో ఆ పాఠశాల లండను విడిచి గొడాల్మింగునకు తరలిపోయెను. అచ్చటి తోపులోనికి విద్యార్థులు పోరాదని కట్టడి యుండెను. అయినను ఈ బాలుడు అందు దూరి, కుందేళ్ల జాడ తీయుచు, ఉరులొడ్డి పట్టి, చిన్న మంటపై వండుకొనెడివాడు. పొగ లేచినచో ఉపాధ్యాయులకు తెలియును గదా! అందుచే పొగరాని మంట వేయుట నేర్చెను. ఎవరైన వచ్చినచో చెట్టెక్కి కదలక కూర్చుండెడివాడు. వెదకువారు తలయెత్తి చూచుట యరుదని అప్పుడే గ్రహించెను.

బాలురారా, కట్టడి మీరుట మెచ్చదగినది కాదు. కాని ఓర్పు, నిశితమైన చూపు, స్వయంసహాయము ఆయనకు అబ్బినది అచ్చటనే. ఆక్స్‌ఫర్డులో ప్రవేశము లభింపకపోయినను, ఆయన సైనిక పరీక్షలో ఉన్నతస్థానము పొంది, 1876లో అశ్వికదళోద్యోగియై లక్నో చేరెను. 1899-1900లో దక్షిణాఫ్రికాయందలి మాఫెకింగు పట్టణము 217 దినములు ముట్టడింపబడినపుడు దానిని కాపాడెను. అచ్చటి బాలురు వార్తలు చేరవేయుచు పెద్దలకు చేదోడైరి. నమ్మి పని యొప్పగించినచో బాలురు నెరవేర్తురని ఆయనకు తెలిసినది.

1907 ఆగస్టులో ఆయన బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురతో శిబిరము నెలకొల్పెను. అందు సంపన్నుల బిడ్డలును, కూలివారి బిడ్డలును ఒక్క గుడారమున నిద్రించి, ఒక్క మంటపై వండుకొనిరి. తాను దొంగచాటుగా నేర్చిన విద్యను ఇపుడు బహిరంగముగా నేర్పెను. మరుసటి యేట ఆయన గ్రంథము వెలువడగా ఉద్యమము దేశదేశములకు వ్యాపించెను.

అయితే హిందూదేశమున 1909లో స్కౌటు దళములు వెలసినపుడు, అవి ఐరోపీయుల, ఆంగ్లో ఇండియనుల బిడ్డలకే పరిమితమయ్యెను. మన బాలురకు తలుపు మూయబడినది. ఆ లోటు తీర్చుటకై అనీబిసెంటమ్మగారు మదరాసులో ప్రత్యేక సంఘమును స్థాపించిరి. 1921లో బేడెన్ పవెల్ ఈ దేశమునకు వచ్చినపుడు ఆ సంఘము ఆయన సంస్థలో చేరెను, తలుపు తెరువబడెను.

ఆయన 1941 జనవరి 8న కెన్యాలోని న్యేరిలో మరణించెను. ఆయన సమాధిపై వలయమును, దాని నడుమ నొక చుక్కయు చెక్కబడియున్నవి. అది స్కౌటులు దారిలో విడుచు గుర్తు. ఇల్లు చేరితినని దాని భావము. తాను నేర్చినది తనకే దాచుకొనువాడు గుర్తు విడువడు. వెనుక వచ్చువారికి దారి చూపువాడే విడుచును.