గ్లకోమా మాత్ర డయామాక్స్.. మన యల్లాప్రగడ పనిచేసిన కంపెనీ నుంచే! కానీ ఆయన చూడలేదు

తెనాలి, బాపట్ల, రేపల్లె.. ఏ ఊళ్లోనైనా గ్లకోమా, అదేనండీ మనవాళ్లు నీటికాసులు అంటారే, ఆ పేషెంట్‌కి కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే డాక్టర్లు రాసే మాత్ర ఒకటుంది. అసిటజోలమైడ్. డయామాక్స్ అంటే ఇంకా తొందరగా గుర్తుపడతారు. దాన్ని మార్కెట్లోకి తెచ్చింది అమెరికాలోని లెడర్లీ కంపెనీ. అక్కడ రీసెర్చ్ మొత్తాన్ని నడిపించింది ఓ తెలుగాయన.. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. తోడబుట్టిన పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో చనిపోవడం ఆయన్ని కుదిపేసింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగారు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి చేసిన ఫాస్ఫరస్ పరీక్ష ఇప్పటికీ ఇద్దరి పేర్ల మీదే ఉంది. అంత చేసినా అక్కడ పర్మినెంట్ ఉద్యోగం రాలేదు! 1940లో లెడర్లీకి మారారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకి హెట్రజాన్, లుకేమియా పిల్లలకు వాడిన యాంటీఫోలేట్ మందులు, 1948లో ఆరియోమైసిన్.. అన్నీ ఆయన టీమ్ పనే. ఇందులో ఫోలిక్ యాసిడ్ స్ప్రూకి మందైంది. పురుషోత్తం పోయిన చాలా ఏళ్లకి.

ఇక గ్లకోమా సంగతి. డయామాక్స్ కనిపెట్టింది సుబ్బారావు కాదు, ఆ క్రెడిట్ ఆయనకి ఇవ్వడం తప్పు. లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సయనమిడ్‌లో రాబ్లిన్, క్లాప్ అనే కెమిస్టులు 1950లో దాన్ని ప్రకటించారు. సల్ఫా మందులు ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటాయని అప్పటికే తెలుసు. ఆ ఎంజైమే కంట్లో నీరు ఊరడానికీ కావాలి. దాన్ని ఆపితే నీరు తగ్గుతుంది, ప్రెషర్ దిగుతుంది. 1954లో బెర్నార్డ్ బెకర్ అనే కంటి డాక్టర్ గ్లకోమా పేషెంట్లకు ఇచ్చి చూపించారు. అంతకుముందు పైలోకార్పిన్ లాంటి చుక్కలు, లేదంటే ఆపరేషన్.

ఈ జబ్బుతో చిక్కేంటంటే, చాలామందిలో నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, మనకి తెలియనే తెలియదు. దెబ్బతిన్న కంటి నరం మళ్లీ రాదు.. మందు కాపాడేది మిగిలిన చూపునే. అందుకే టిమోలాల్, లాటనోప్రాస్ట్ చుక్కలు రోజూ వేసుకోవాల్సిందే, బాగానే కనిపిస్తోందని ఆపేస్తే కుదరదు. డయామాక్స్ ఎక్కువగా కొద్దిరోజుల కోసమే. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పొటాషియం తగ్గొచ్చు, కిడ్నీలో రాళ్లున్నా సల్ఫా పడకపోయినా డాక్టర్‌కి ముందే చెప్పాలి.

సుబ్బారావు 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. 53 ఏళ్లు. అమెరికా వెళ్లాక మళ్లీ ఇండియా రాలేదు, అక్కడి పౌరసత్వమూ తీసుకోలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. 1995లో శతజయంతికి మన పోస్టల్ శాఖ ఆయన పేరిట స్టాంప్ వేసింది.