తలను తాకిన చేయి: మేడమ్ సి.జె. వాకర్

షాపింగ్ మాల్‌లో సెంటు కౌంటర్ ముందు నిలబడితే ఒక చిన్న పరీక్ష జరుగుతుంది. సేల్స్‌గర్ల్ కాగితపు ముక్క మీద సెంటు చల్లి కొందరికి తానే ఎదురెళ్లి ఇస్తుంది. కొందరిని చూడనట్టే ఉండిపోతుంది. శాంపిల్ ఉచితమే, అది ఎవరి చేతికి వెళ్లాలో మాత్రం ఒక చూపు ముందే తేల్చేస్తుంది. ఆ చూపు మాకు తెలుసు, మీలో చాలామందికీ తెలుసు. దళితుల తల ముట్టుకోని క్షౌరశాలలున్న ఊళ్ల నుంచి, చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద వేసే దుకాణాల నుంచి వచ్చినవాళ్లమే కదా మనం.

అలాంటి చూపుల మధ్యే బతికి, సొంత కౌంటర్ పెట్టుకున్న ఒక నల్లజాతి స్త్రీ కథ ఇది.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబర్ 23న అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని డెల్టా అనే చోట పుట్టింది. అమ్మానాన్నలు పత్తి తోటలో బానిసలుగా బతికినవాళ్లు. ఆ ఇంట్లో బానిసగా కాకుండా పుట్టిన మొదటి బిడ్డ సారాయే. ఏడేళ్లకు అనాథ. 14 ఏళ్లకు పెళ్లి, 17 ఏళ్లకు కూతురు లీలియా, ఇరవై ఏళ్లు వచ్చేసరికి భర్త పోయాడు. బిడ్డను తీసుకుని, అన్నలు క్షురకులుగా పనిచేసే సెయింట్ లూయిస్ నగరానికి చేరింది. అక్కడ పదిహేనేళ్లకు పైగా ఊరివాళ్ల బట్టలు ఉతికింది. రోజంతా వంగి ఉతికితే వచ్చేది డాలరున్నర లోపే.

జుట్టు రాలడం మొదలైంది అప్పుడే. ఆ రోజుల్లో పేదల ఇళ్లలో కొళాయిలు లేవు. నీళ్లు మోసుకొచ్చి, కాచుకుని తలస్నానం చేయాలంటే నెలకోసారి కుదిరితే గొప్ప. మాడు మీద పొక్కులు, చుండ్రు, ఆపైన బట్టతల. ఇది అందానికి సంబంధించిన బాధే కాదు, నీళ్లకూ తీరికకూ సంబంధించిన బాధ. మన వాడల్లో ఆడవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

మందు ఎక్కడ కొనాలి? తెల్లవాళ్ల పెద్ద దుకాణాల్లో నల్లజాతి స్త్రీలను చివరగా పలకరించేవాళ్లు. చాలా చోట్ల టోపీ పెట్టి చూసుకోనిచ్చేవాళ్లు కాదు. వయసెంతైనా పేరు పెట్టి పిలవడమే తప్ప శ్రీమతి అనే మాట వాళ్ల నోట వచ్చేది కాదు. ఈ ఖాళీని ముందుగా చూసింది ఆనీ టర్న్‌బో అనే మరో నల్లజాతి స్త్రీ. దుకాణాలు రానివ్వకపోతే తానే గుమ్మం గుమ్మానికీ వెళ్లింది. ముందు ఉచితంగా తల కడిగి, మాడుకు మందు రాసి, ఆ తర్వాతే డబ్బా చూపించింది. సారా మొదట ఆమె మందు వాడింది, తర్వాత ఆమె దగ్గరే ఏజెంటుగా చేరింది. వాకర్ గురించి రాసేవాళ్లు చాలామంది టర్న్‌బోను ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది అన్యాయమని మా అభిప్రాయం. తర్వాత ఇద్దరూ పోటీదారులయ్యారు, తన సరుకును కాపీ కొట్టిందని టర్న్‌బో ఆరోపించింది కూడా.

1905లో సారా డెన్వర్ వెళ్లింది. మరుసటి ఏడాది చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్లాడి, డబ్బా మీద మేడమ్ సి.జె. వాకర్ అని అచ్చువేసింది. ఆ 'మేడమ్' ఊరికే తగిలించింది కాదు. ఒసే, ఏమే అని పిలిపించుకున్నవాళ్లకు ఆ ముందుమాట విలువ తెలుస్తుంది. ఇక ఆమెను కొనేవాళ్లైనా, అమ్మేవాళ్లైనా మేడమ్ అనే పిలవాలి.

దక్షిణాది రాష్ట్రాల్లో ఏడాదిన్నర తిరిగింది. చర్చిల్లో, సంఘాల హాళ్లలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, అందరి ముందూ ఒకరి తలకు చికిత్స చేసి చూపించేది. ఆ మందులో పెట్రోలియం జెల్లీ, గంధకం లాంటివే తప్ప మంత్రమేమీ లేదు. తరచూ తలంటుకోవడం, మాడు శుభ్రంగా ఉంచుకోవడం నేర్పడమే అసలు వైద్యం. వాళ్ల తలను గౌరవంగా చేతుల్లోకి తీసుకున్న మొదటి వ్యాపారులు టర్న్‌బో, వాకర్ లాంటివాళ్లే. అదే వాళ్లిచ్చిన ఫ్రీ శాంపిల్ అనుకుంటాం మేము.

నల్లవాళ్ల జుట్టును తెల్లవాళ్ల జుట్టులా చేయాలని చూసిందని ఆమె మీద విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వేడి దువ్వెన వాడకం నేర్పిన మాట నిజమే, దాన్ని కనిపెట్టింది మాత్రం ఆమె కాదు. బతికున్నన్నాళ్లూ చర్మం తెల్లబరిచే క్రీములు అమ్మలేదు. ఫెయిర్‌నెస్ క్రీముల దేశంలో ఉన్న మనం ఈ సంగతి గమనించాలి.

1910లో ఇండియానాపొలిస్‌లో ఫ్యాక్టరీ, సెలూన్, శిక్షణ పాఠశాల పెట్టింది. అదే ఊళ్లో ఒక సినిమా హాలు తెల్లవాళ్ల దగ్గర 10 సెంట్లు, ఆమె దగ్గర 25 సెంట్లు అడిగింది. కోర్టుకెక్కింది. సొంత థియేటర్‌తో కూడిన భవనానికి పథకం వేసింది. అది 1927లో, ఆమె పోయిన ఎనిమిదేళ్లకు తెరుచుకుంది.

సొంతవాళ్లలోనూ పోరాటం తప్పలేదు. 1912లో నల్లజాతి వ్యాపారుల మహాసభలో బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. చివరి రోజున తానే లేచి నిలబడి, పత్తి చేనులోంచి ఫ్యాక్టరీ దాకా వచ్చిన దారి చెప్పింది. మరుసటి ఏడాది ఆయనే వక్తగా పిలిచాడు. ఆ 1913లోనే లీలియా పట్టుబట్టడంతో హార్లెమ్‌లో సెలూన్ వెలిసింది. హార్లెమ్ పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ చేరింది కూడా ఆ ఏడాదే.

ఆమె ఏజెంట్లలో ఎక్కువమంది ఒకప్పుడు వంటపని, ఇంటిపని, బట్టలుతుకుడు చేసినవాళ్లు. 1917లో ఫిలడెల్ఫియాలో వాళ్లందరినీ సమావేశపరిచింది. ఎక్కువ అమ్మినవాళ్లకే కాదు, తమ ఊళ్లో మంచి పనులకు ఎక్కువ ఇచ్చినవాళ్లకూ బహుమతులిచ్చింది. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లవాళ్ల మీద ఊచకోత జరిగిన వేసవి అది. తలకు నూనె రాసే ఆ ఆడవాళ్లు, మూకహత్యలను ఆపే చట్టం తేవాలని అధ్యక్షుడు విల్సన్‌కు టెలిగ్రామ్ పంపారు.

1919 మే 25న, 51 ఏళ్ల వయసులో వాకర్ చనిపోయింది. చనిపోయే ముందు మూకహత్యల వ్యతిరేక పోరాట నిధికి 5,000 డాలర్లు ప్రకటించింది. ఆ టెలిగ్రామ్ అడిగిన తరహా చట్టం అమెరికాలో 2022 మార్చిలో వచ్చింది.